నైట్ షిఫ్ట్ మనిషి మంచం

చెన్నూరు నుంచి కరీంనగర్‌కు తిరిగి వస్తుంటే నస్పూర్ దగ్గర నా బండి ఆగిపోయింది. వాన. చీకటి పడుతోంది. మెకానిక్ దుకాణం అప్పటికే మూసేశారు. కిరాణా దుకాణం రేకుల కింద నిలబడ్డ ఒకాయన, నేను కిక్కు కొట్టీ కొట్టీ ఆయాసపడడం చూసి దగ్గరికి వచ్చాడు.

"గిప్పుడు అది కాదు గని, పొద్దుగాల చూద్దాం. పా, మా ఇంటికి పోదాం."

మంచిర్యాలకు పోయి లాడ్జిలో ఉంటానన్నాను.

"గీ వానల ఆటో యాడ దొరుకుతది తమ్మీ? నేను బొగ్గుబాయిల పనిజేస్త. ఇయ్యాల నైట్ షిఫ్ట్. నా మంచం ఖాళీగనే ఉంటది."

ఇద్దరం బండి తోసుకుంటూ వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాం. రెండే గదులు. ముందు గదిలో మంచం, లోపల వంట. అతని భార్య నా తడిబట్టలు చూసి పొడి లుంగీ తెచ్చిచ్చింది. ముసలి తల్లి "ఏ ఊరు బిడ్డా?" అని మాత్రం అడిగింది. వేడి అన్నంలో పప్పుచారు పోసి, పక్కన ఆమ్లెట్ వేశారు. తిన్నాక అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు లోపలి గదిలో పడుకున్నారు. నేను అతని మంచం మీద, అతని దుప్పటి కప్పుకొని, మా ఇంట్లో కూడా పట్టనంత నిద్ర పోయాను.

తెల్లవారాక మెలకువ వచ్చింది. ముసలమ్మ నాకెదురుగా గోడకు ఆనుకుని చాటలో బియ్యం ఏరుతోంది. బయట ఇంకా ముసురు. లేవబుద్ధి కాక కళ్ళు మూసుకున్నాను. అంతలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

"ఇంక లేవలే. లేపాల్నా?" అతని భార్య గొంతు తగ్గించి అడిగింది.

"వద్దొద్దు. రాత్రి మస్తు పరేషాన్ అయ్యిండు. పండనీ. నేను గీడనే కూసుంట."

"లోపల చాప ఏస్త, రా."

"చప్పుడైతది. ఊకో."

లోపలి గదిలోకి పోవాలన్నా నా మంచం దాటుకునే పోవాలి. రాత్రంతా భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషి అలా గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. లేవాలనుకుని కళ్ళు తెరిచాను. ముసలమ్మ నన్నే చూస్తోంది. మా చూపులు కలిశాయి. అప్పుడైనా లేవచ్చు. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. అలసట ఏమీ లేదు. దుప్పటి వెచ్చగా ఉంది, అంతే.

ముసలమ్మ చాటలో రెండు మూడు రాళ్ళు ఏరి పక్కన పడేసింది. తర్వాత కోడలితో, "లేపకుండ్రి. ఇప్పుడిప్పుడే నిద్రవట్టినట్టుంది పిలగానికి," అంది.

ఆ మాట విన్నాక లేచే దారి కూడా లేకుండా పోయింది. చాలాసేపు అలాగే పడుకుని, చివరికి ఆవులిస్తూ, ఒళ్ళు విరుచుకుంటూ లేచాను. అతను గడప మీద కూర్చునే గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. జల్లుకు ఒక కాలు తడిసిపోయింది. నా అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచాడు.

"నిద్ర మంచిగ పట్టిందా తమ్మీ?"

"మంచిగ పట్టిందన్నా. మెలకువనే రాలే."

ముసలమ్మ చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది. నా ముఖం వంక చూడలేదు. అతను ఆ తర్వాత కూడా పడుకోలేదు. మెకానిక్‌ను పిలుచుకొచ్చి, బండి బాగయ్యేదాకా దగ్గరే నిలబడి, నన్ను సాగనంపాడు.

ఇంటికొచ్చాక వారం రోజులు మనసు కుదుటపడలేదు. చివరికి, వచ్చేటప్పుడు అతనిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ పొద్దు నువ్వొచ్చేసరికి నేను మేల్కొనే ఉన్న. నిద్రపోయినట్టు పడుకున్న. తప్పయింది."



"గట్లనా? మరి రాత్రి నిద్ర పట్టలేదా? నవారు వదులైంది, బిగియ్యాలె బిగియ్యాలె అనుకుంటనే ఉన్న. చెప్తే కింద పరుపు ఏస్తుంటిమి గదా తమ్మీ!"

కాదని చెప్పబోయాను. అతను అప్పటికే లోపలికి కేకేసి భార్యకు చెబుతున్నాడు. "గా పిలగానికి మన మంచం మీద నిద్రనే పట్టలేదంట!" అయ్యో, అని ఆమె బాధపడడం నాకు ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.