సైకిలు దిగే చోటు

ఆదోనిలో మా ఇంటి ముందర సైకిలు తొక్కుకుంటూ ఎవరూ పోయేవారు కాదు. పత్తి మార్కెట్టుకు పోయే ఆ వీధిలో ఏ ఊరివాడైనా సరే, మా అరుగు మొదట్లో దిగి, సైకిలును తోసుకుంటూ నడిచి, అరుగు దాటినాక మళ్ళీ ఎక్కేవాడు. అలా దిగమని మేము ఎవరికీ చెప్పలేదు. మా తాత కాలంలో గుర్రాలు దిగేవారు. గుర్రాలు పోయి సైకిళ్ళు వచ్చినా దిగడం మాత్రం నిలిచింది. మా పొలాలన్నీ చేజారి, ఇల్లూ దాని ముందున్న రాతి అరుగూ తప్ప ఏమీ మిగలని రోజుల్లో కూడా దిగేవారు. ఆస్తి చూసి దిగినవాళ్ళయితే అప్పుడే మానేసి ఉండేవారు.

అరుగు మీద మా చిన్నాయన కూర్చునేవారు. పక్షవాతం వచ్చి ఆయనకు కుడి కాలూ కుడి చెయ్యీ స్వాధీనంలో లేకుండా పోయాయి. ఎడమ చెయ్యి కూడా మెల్లగా లేచేది. పెళ్ళాం బిడ్డలు లేరు. పొద్దున్నే నేను ఆయనను బయటికి నడిపించుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెడితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే లోపలికి వచ్చేవారు. సైకిలు దిగినవాళ్ళు అరుగు పొడవునా ఆయనతో మాట్లాడుతూ నడిచేవారు. చిప్పగిరి వైపు వాన పడిందో లేదో, ఎమ్మిగనూరులో మగ్గాలు ఎట్లా ఆడుతున్నాయో ఆయనకు నా కంటే ముందు తెలిసేది. ఆ పది పదిహేను అడుగుల మాటలే ఆయనకు లోకం.

పత్తి వచ్చే నెలల్లో ఆ వీధి చూడాలి. పల్లెల నుంచి ఎద్దుల బండ్లు, జిన్నింగు మిల్లులకు పోయే లారీలు, గంపలు నెత్తిన పెట్టుకున్న కూలి ఆడవాళ్ళు, సైకిళ్ళు, అన్నీ ఒకే దారిన. వీధి మొత్తంలో ఇరుకు చోటు మా అరుగు దగ్గరే. ఒకరోజు దిగి నడుస్తున్న సైకిళ్ళ వెనక ఆగిపోయిన బండివాడు పత్తి మూటల మీద నుంచి అరిచాడు.

“మీరు దిగేది ఎక్కేది అయ్యేలోపల నా పత్తి ఈడనే మొలకెత్తేట్టుందప్పో.”

చిన్నాయన తల తిప్పకుండానే అన్నారు. “మొలిస్తే మొలవనీలే. మా అరుగు ముందర మొలిచినదానికి గుత్త మాకే ఇయ్యాల.”

బండివాడితో సహా అందరూ నవ్వారు.

ఆదోని కర్నూలు జిల్లాలో కలిసిన తరువాత ఒక పత్తి కాలంలో, ఎమ్మిగనూరు నుంచి తువ్వాళ్ళు అమ్ముకోవడానికి వచ్చే నేతగాడు ఒకడు మా అరుగు దగ్గర సైకిలు దిగబోయి బండి చక్రం కింద కాలు పెట్టాడు. పాదం నలిగింది. నేను ఆసుపత్రికి పోయి చూశాను. “మీ తప్పేముందప్పా, నేనే దిగినా,” అన్నాడు.

ఆ తరువాతే వీధిని కొత్తగా తీర్చడానికి రోడ్ల ఇంజనీరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, వయసులో చిన్నవాడు. మూడు రోజులు గొడుగు కింద నిలబడి ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ దిగుతున్నారో రాసుకున్నాడు. నాలుగో రోజు గీసిన కాగితం తెచ్చి నాకు చూపించాడు. నడుమ బండ్లకూ లారీలకూ దారి. రెండు వైపులా సైకిళ్ళకు వేరే దారి. అంచున బండలు పరిచి నడిచేవాళ్ళకు కాస్త ఎత్తుగా ఇంకో దారి. తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. మా అరుగు మీదుగా మాత్రం ఎర్ర గీత పోయింది.

“అరుగులో సగం ఉంచడానికి ఒక దారుందండి,” అన్నాడు. “సైకిలు మీద కూర్చుని పోయేవాడికి మూడడుగులు చాలు. దిగి పక్కన నడిచేవాడికి అయిదడుగులు కావాలి. ఇక్కడ ఎవరూ దిగనవసరం లేదని మీరొక ముక్క రాసిస్తే గోడకు అంటిస్తాం. ఆ రెండడుగులూ మీకు మిగులుతాయి. మీరు కాక మేం చెబితే ఎవరూ వినరు.”

“దిగమని మేము ఎప్పుడూ చెప్పలేదే. దిగొద్దని ఎట్ల చెప్పేది?” అన్నాను.

“ఆలోచించండి. వారం గడువుంది.”

నేను ఆలోచించలేదు. అలాంటి కాగితం రాస్తే ఇన్నాళ్ళూ మా హుకుం మీదే దిగారని ఒప్పుకున్నట్టవుతుందని అనుకున్నాను. గౌరవం చాలించండి అని మా ఇంటి గోడ మీద మేమే రాసుకోవడం నా చేత కాదనుకున్నాను. ఈ మాట చిన్నాయనకు చెప్పలేదు. చెప్పవలసిన సంగతిగా నాకు తోచలేదు. గడువు దాటిపోయింది.

గడ్డపారలతో నలుగురు వచ్చిన రోజు చిన్నాయన అరుగు మీదే ఉన్నారు. కూలీలు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారే కానీ పని మొదలుపెట్టలేదు. ఇంజనీరు వచ్చి ఆయన పక్కన కూర్చుని, గీత చూపించి, నన్ను అడిగిన సంగతీ నేను రాసివ్వని సంగతీ నెమ్మదిగా చెప్పాడు.

చిన్నాయన నా వైపు తిరిగారు.

“నన్నొక మాట అడిగింటే ఎడమ చేత్తో అయినా రాసిచ్చింటి కదప్పా. దిగకపోతే పోనీ. కూర్చునేకి నాకింత చోటుండేది.”

ఇప్పుడే రాసిస్తాను, సగమైనా ఉంచమని ఇంజనీరును అడిగాను. నేను ఒకరిని అడగడం అదే మొదలు. అతను తల వంచుకుని, కొలతలు పైకి పోయాయనీ తన చేతిలో ఏమీ లేదనీ చెప్పాడు. నేనే చిన్నాయనను లేపి లోపలికి తీసుకుపోయాను. మధ్యాహ్నానికి అరుగు లేదు.

వీధి బాగుపడింది. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ పత్తి కాలంలో బండ్లు ఆగలేదు. ఎవరి కాలూ చక్రం కింద పడలేదు. సైకిళ్ళు వరసగా సాగిపోయేవి. ఒకడు దిగితే వెనక పది మంది గంటలు కొట్టేవారు, అందుకని ఎవరూ దిగేవారు కాదు.

కొత్తగా పరిచిన బండల మీద కుర్చీ వేసి చిన్నాయనను కూర్చోబెట్టి చూశాను. నెత్తిన వేరుశనగ బుడ్డల గంపతో ఒక కూలి మనిషి వచ్చి కుర్చీ ముందర ఆగింది. దిగితే సైకిళ్ళ దారి, పక్కన గోడ.

“నడిసే దావలో కుర్సీ ఏసుకుంటే మేము యాడ నడిసేదప్పా?” అంది. కోపంగా ఏమీ అనలేదు. నిజంగానే అడిగింది.

కుర్చీ తీసి గడప లోపల వేశాను. అప్పటి నుంచి చిన్నాయన అక్కడే కూర్చున్నారు. అక్కడి నుంచి ఆయనకు కనిపించేది తలుపు వెడల్పంత వీధి. తెలిసినవాళ్ళు పోతూ పోతూ “దండాలప్పా” అని కేక వేసేవారు. ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద నుంచి లేచి నుదురు దాకా వచ్చేసరికి ఆ సైకిలు తలుపు దాటిపోయేది.

“ఎవురప్పా అది?” అని అడిగేవారు.

నేను బయటికి వచ్చి చూసేవాణ్ణి. వీధి నిండా వీపులే. ఏదో ఒక పేరు చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేశారు, చెయ్యి ఎత్తడం మాత్రం మానలేదు.