కింది వాటా కేసు

మా పెద్దమ్మ నోటికి భయపడని మనిషిని నేను చూడలేదు. ఆవిడ కాన్పుల ఆసుపత్రిలో ఆయా. నొప్పులు పడుతున్న పిల్లని డాక్టరమ్మ విసుక్కుంటే, "మీ అమ్మ కూడా ఇలాగే అరిచి కన్నదమ్మా నిన్ను" అని మొహం మీదే అనేసేది. అలాంటి మనిషికి లోకంలో ఒకే ఒక్క భయం, నల్లకోటు. వకీలు ఎదురుగా కూర్చుంటే చాలు, నోట్లో నాలుక లేనట్టు అయిపోయేది. ఆయన ఏం చెప్పినా తలూపేది. ఆ తల ఊపడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

పెదనాన్న తాపీమేస్త్రీ. ఎందరికో ఇళ్లు కట్టి, చివరికి చారెడు జాగా కొనుక్కుని తన ఇల్లు తానే కట్టుకున్నాడు. కింద రెండు గదులు, పైన రెండు గదులు. గదులు విశాలంగా రావాలని మెట్లను బయట గోడవారగా ఇరికించాడు. నిటారుగా, ఒక మనిషి పట్టేంత వెడల్పు.

"లావెక్కావంటే ఇంట్లోకి రాలేవు, చూసుకో" అని పెద్దమ్మని ఏడిపించేవాడు.

"మెట్లు కట్టడం చేతకాక నా ఒంటి మీద పడ్డావా?" అనేది ఆవిడ.

పైన గాలి బాగా వస్తుందని వాళ్లు పైన ఉండి, కింది వాటా ఒక లెక్కల మాస్టారికి అద్దెకిచ్చారు. వాళ్లకి పిల్లలు లేరు. పక్క వీధిలో ఉండే నేనే వాళ్లకి కూతుర్ని. రోజూ ఒకపూట అక్కడే ఉండేదాన్ని.

మాస్టారు మర్యాదస్తుడు. ఒకటో తారీఖున అద్దె చేతిలో పెట్టి, "అక్కగారూ, సరిచూసుకోండి" అనేవాడు. కొన్నాళ్లకి ముందు గదిలో ట్యూషన్లు మొదలుపెట్టాడు. తర్వాత బెంచీలు వచ్చాయి. తర్వాత వీధిలోకి బోర్డు వచ్చింది. సాయంత్రమైతే మెట్ల మొదట్లో పిల్లల చెప్పుల గుట్ట. పెద్దమ్మ వాటిని కాలితో తోసుకుంటూ, తిట్టుకుంటూ ఎక్కేది. అంతకు మించి గొడవ పడలేదు. చదువుకునే పిల్లలు కదా అని పెదనాన్న సర్దిచెప్పేవాడు.

ఇంతలో పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. ఆసుపత్రి నుంచి కుర్చీలో కూర్చోబెట్టి ఆయన కట్టిన మెట్ల మీదుగానే ఆయన్ని పైకి చేర్చాం. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: చదునైన నేల మీద నడిపించండి, నలుగురిలో కూర్చోబెట్టండి, గదిలో పెడితే మనిషి కుంగిపోతాడు.

పెద్దమ్మ మర్నాడే కిందికి వెళ్లింది.

"మాస్టారూ, మీరు పైకి మారండి, మేం కిందికి వస్తాం. అద్దె మీ ఇష్టం వచ్చినంత ఇవ్వండి."

"మీ బాధ నాకు తెలీదా అక్కగారూ! కానీ ఇంతమంది పిల్లలు ఆ మెట్లెక్కి దిగాలంటే ఎలా? ఎవరైనా పడితే ఎవరిది పూచీ? పరీక్షలవనీండి, చూద్దాం."

పరీక్షలయ్యాయి. సెలవుల క్లాసులన్నాడు. మళ్లీ బడులు తెరిచారు. పరీక్షలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటాయని మాకు అప్పుడే తెలిసింది. ఇల్లు వెతుకుతున్నానని మాత్రం నవ్వుతూ చెప్పేవాడు. నవ్వేవాణ్ని తిట్టడం ఎంత కష్టమో!

సలహాలకి కొదవా? "రెండ్రోజులు కరెంటు పీకేస్తే తనే సర్దుకుంటాడు" అన్నాడు మా ఆయన. "ఊరెళ్లినప్పుడు చూసి తాళం మార్చెయ్యండి" అన్నాడు ఎదురుగా టీకొట్టతను. పెద్దమ్మ రెండింటికీ సిద్ధమైంది. నేనే ఆవిడని వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ పాపం నాదే.

వకీలు మంచివాడే. వయసు మళ్లినవాడు, ఓపికగా విన్నాడు. "కరెంటు తీసినా, తాళం వేసినా, సామాను బయట పడేసినా రేపు మీ మీదే కేసవుతుంది. అద్దెకున్నవాణ్ని చట్టం చెప్పిన దారిలోనే ఖాళీ చేయించాలి. అద్దె బాకీ ఉన్నాడా?"

"ఒకటో తారీఖునే ఇస్తాడండీ."

"అయ్యో" అన్నాడు వకీలు నిజంగానే బాధపడుతూ. "ఇల్లు పాడుచేశాడా?"

"మా ఆయన కట్టిన గోడండీ. మేకు కూడా దిగదు."

"వేరే ఎవరికైనా అద్దెకిచ్చాడా?"

"లేదండీ."

"కాపురానికని తీసుకుని ట్యూషన్లు పెట్టాడు, అదొక కారణం. అయితే మీ అసలు బలం మీ సొంత అవసరం. మీ ఆయన మెట్లు దిగలేడు, కింది వాటా లేకపోతే ఆయనకి జరగదు. ముందు నోటీసిద్దాం. కదలకపోతే పిటిషను వేద్దాం."

మాస్టారు కదల్లేదు, పిటిషను వేశాం. ఆ రాత్రి పెద్దమ్మ పెదనాన్నకి అన్నం తినిపిస్తూ, "ఇంక కొన్నాళ్లే, నిన్ను కింద కూర్చోబెడతాను, వీధంతా నీదే" అంది. ఆయన ఎడమచేత్తో ఆవిడ బుగ్గ తట్టాడు.

అవతలి వకీలు జవాబు వేశాడు. ముసలాయన బాగానే ఉన్నాడు, జబ్బు వంక పెట్టి ఖాళీ చేయించి ఎక్కువ అద్దెకి ఇచ్చుకోవాలని చూస్తున్నారు అని. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మా ఆయన, టీకొట్టతను కలిసి పెదనాన్నని కుర్చీతో సహా కిందికి దించారు. ఆ కాసేపట్లో మా ఆయన చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. అయినా పెదనాన్న మొహం చూడాలి! టీకొట్టు ముందు కూర్చుని, ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, వచ్చేపోయేవాళ్లందరికీ తలాడించాడు. పక్కింటి కొత్త గోడ చూసి, వంకరగా కట్టారని వేలు పెట్టి చూపించి మరీ నవ్వాడు.

ఆ తర్వాతి వాయిదాకి ఆ నవ్వు ఫొటో అయి కోర్టులో ప్రత్యక్షమైంది. ఎవరు తీశారో తెలీదు. అందులో కుర్చీ, గ్లాసు, నవ్వు ఉన్నాయి. మోసుకొచ్చినవాళ్లు లేరు.

బయటికొచ్చాక మా వకీలు పెద్దమ్మని పక్కకి పిలిచాడు. "అమ్మా, మోసుకొచ్చామని మనం చెప్పుకుంటాం, డాక్టరు కాగితం పెడతాం. కానీ ఇలాంటి ఫొటో ఇంకొకటి వచ్చిందంటే నేనేం చెయ్యలేను. కేసు తేలేదాకా ఆయన్ని కిందికి దించకండి."

"అలాగేనండీ" అంది పెద్దమ్మ.

కేసు తేలేదాకా అంటే నాలుగైదు నెలలనుకున్నాం. జడ్జిగారికి బదిలీ అయింది. కొత్తాయన సెలవు పెట్టాడు. అవతలి వకీలుకి ఒంట్లో బాగోలేదు, మాస్టారికి పరీక్షల డ్యూటీ. చెప్పులరిగేలా తిరిగాం. పెదనాన్న పై గదిలో ఉన్నాడు. ఆ కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. సాయంత్రం కింద పిల్లల గోల మొదలవగానే ఆయన "కిందికి?" అనేవాడు. పోగా పోగా ఆయనకి మిగిలిన మాట అదొక్కటే. "కేసవనీ అయ్యా" అనేది పెద్దమ్మ. ఒక్కోసారి కసిరేది కూడా. కసిరాక వంటగదిలోకి వెళ్లి ఏడ్చేది.

నేను పోట్లాడాను. "కేసు పోతే పోనీ పెద్దమ్మా, రోజూ దింపి ఎక్కిద్దాం. మా ఆయన ఉన్నాడుగా."

"ఇవాళ దింపితే ఇవాళ్టికే. గెలిస్తే ఎప్పటికీ కిందే కదే" అనేది. 

ఒకరోజు పెదనాన్న గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ తనంతట తనే మెట్ల దాకా వచ్చేశాడు. పైమెట్టు మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారబోతుంటే ఆసుపత్రి నుంచి వస్తున్న పెద్దమ్మ చూసి పరిగెత్తింది. పడతాడేమోనన్న భయం ఒకటి, ఎవరైనా చూస్తారేమోనన్న భయం ఒకటి. ఏది ముందు వచ్చిందో ఆవిడకే తెలీదని తర్వాత నాతో అంది. ఆ మర్నాటి నుంచి పనికి వెళ్లేటప్పుడు తలుపుకి బయట గొళ్లెం పెట్టి వెళ్లేది. అద్దెకున్నవాడి గదికి తాళం వేస్తే నేరమని చట్టం చెప్పింది. ఇల్లు కట్టిన మనిషికి గొళ్లెం పెడితే ఎవరూ నోటీసివ్వలేదు.

ఆయన తిండి తగ్గింది. నడిపిద్దామన్నా లేచేవాడు కాదు. ఎడమ అరచెయ్యి గోడకి ఆనించి, పూత నున్నగా ఉందో లేదో చూస్తున్నట్టు నెమ్మదిగా రాస్తూ ఉండేవాడు. "కిందికి" అనడం కూడా మానేశాడు. అది మానేసిన రోజు నాకు భయమేసింది. పెద్దమ్మ మాత్రం, "అలవాటు పడ్డాడే, ఇప్పుడు గొడవ చెయ్యట్లేదు" అంది.

ఒక తెల్లవారుజామున లేపితే లేవలేదు.

మంచం ఆ మెట్ల మీద తిరగదు. కుర్చీలోనే కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి దించాల్సి వచ్చింది. మా ఆయన పైన పట్టుకున్నాడు, టీకొట్టతను కింద పట్టుకున్నాడు. మెట్ల మొదటిదాకా వచ్చేసిన ట్యూషను బెంచీలు తీయించి, దారి చేసి, మాస్టారు నిలబడి ఉన్నాడు. రెండు మెట్లు దిగారో లేదో పైనుంచి పెద్దమ్మ గట్టిగా అరిచింది.

"ఆగండి! ఆయన్ని లోపలికి తీసుకురండి. కింద ఎవరైనా ఫోను పట్టుకుని ఉన్నారేమో ముందు చూడండి!"

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మాస్టారికీ అర్థమైంది, తల దించుకున్నాడు. నేను వెళ్లి పెద్దమ్మని పట్టుకుని, "ఎవరూ లేరు పెద్దమ్మా, ఎవరూ తియ్యరు" అని చెబుతూనే ఉన్నాను.  నేను తీసుకెళ్లిన వకీలే, నేను మొదలుపెట్టించిన కేసే అని అప్పుడు తెలిసొచ్చింది.

కొన్ని వారాలకి వకీలు కబురు పెట్టాడు. అవసరమున్న మనిషే లేడు కాబట్టి పిటిషను కొట్టెయ్యమని అవతలివాళ్లు అడిగారట.

"భయపడకండమ్మా" అన్నాడు మెత్తగా. "మీకూ వయసైంది. మోకాళ్ల నొప్పులున్నాయని అమ్మాయి చెప్పింది. మీ అవసరమే చూపించి పిటిషను సవరిద్దాం. డాక్టరు కాగితం తెచ్చుకోండి. కాకపోతే, కొన్నాళ్లు మీరు మెట్లెక్కి దిగుతూ వాళ్ల కంట పడకుండా ఉండగలరా?"

పెద్దమ్మ తల ఊపబోయి ఆగింది.

"ఉండగలనండీ" అంది. "ఎలా ఉండాలో మా ఆయన్ని చూశాను కదా. కానీ ఉండను."

"అమ్మా, నేను కేసు కోసం..."

"మీ తప్పేం లేదండీ. మీరు కేసు గెలవడానికి ఏం చెయ్యాలో చెప్పారు. ఆయన్ని కిందికి దించడానికే కేసు వేశానన్న సంగతి నేనే మర్చిపోయాను."

వకీలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పిటిషను వెనక్కి తీసుకునే కాగితం రాయించి ఇచ్చాడు. పెద్దమ్మ ఈసారి వేలిముద్ర వెయ్యలేదు, కూడబలుక్కుని తన పేరు, దాని పక్కన పెదనాన్న పేరు రాసింది. ఆయన పేరు అక్కర్లేదని గుమాస్తా చెప్పబోతే వకీలు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.