కిష్టయ్యకు నచ్చిన కత్తి

కిష్టయ్య అంకుల్‌కు ఏ కత్తీ నచ్చదు. వలసొచ్చిన దేశంలో, మనురేవా పేటలో సొంతంగా మాంసం కొట్టు నడిపే మనిషికి కత్తి నచ్చకపోవడమేమిటని వినీత్ మొదట్లో నవ్వాడు. వేటకు కత్తి కొనడానికి ఆయన్ని వెంటబెట్టుకుని దుకాణాలు తిరిగాక ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది.

మాంసం ఫ్యాక్టరీలో చేయి యంత్రం కింద పడ్డప్పటి నుంచి వినీత్ కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు వంగవు. ఇంట్లో ఉల్లిపాయ కూడా భార్యే కోస్తుంది. ఈసారి మిత్రులతో జింకల వేటకు వెళ్లి, తను కొట్టిన జింకను తనే కోయాలని అతని పట్టుదల. చేతిలో కత్తి జారుతుందేమోనన్న భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ప్రతి దుకాణంలోనూ ఒకటే తంతు. కిష్టయ్య జేబులోంచి వంటనూనె సీసా తీసి అరచేతికి పూసుకునేవాడు. కత్తి పిడి పట్టుకుని, రెండు వేళ్లు గాల్లోకి చాచి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కౌంటర్ వెనకున్న కివీ దుకాణదారు మెల్లగా వెనక్కి జరిగేవాడు.

"టీ కప్పు పట్టినట్టు పట్కుంటరేంది అంకుల్?" అన్నాడు వినీత్.

"నా అలవాటు. నీకెందుకు?"

పొడుగు కత్తి చూపిస్తే, "మొన తగిలి పేగు తెగితే మాంసమంతా ఖరాబు" అన్నాడు కిష్టయ్య. చెక్క పిడిని వాసన చూసి, "నెత్తురు పీలుస్తది" అని పక్కన పెట్టాడు.

"మనం కొనేలోపు ఆ జింక ముసల్దయి సచ్చిపోతది అంకుల్."

"పోనీ. పుణ్యం మనకే."

చివరికి బోటనీ డౌన్స్‌ పేటలోని దుకాణంలో ఒక పొట్టి కత్తి దొరికింది. నారింజ రంగు రబ్బరు పిడి, వేలు జారకుండా ముందు చిన్న అడ్డు. కిష్టయ్య కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. కత్తి చేతికిస్తే మాట పట్టింపులొస్తాయని ఆయన నమ్మకం. అందుకే దాన్ని బల్ల మీద పెట్టి, మొహం తిప్పుకుని, "తీస్కో" అన్నాడు.

వేట రోజు, కొండ మీద వినీత్ కొట్టిన జింక పడింది. సన్నగా వాన. వినీత్ మోకాళ్ల మీద కూర్చుని కత్తి తీశాడు. అరచేయి నెత్తురుతో తడిసినా పిడి కదల్లేదు. పొట్ట చర్మం నెమ్మదిగా తెరుచుకుంది, పేగు తెగలేదు. అప్పుడు తన చేతిని చూసుకున్నాడు. పిడి చుట్టూ మూడు వేళ్లు, గాల్లో రెండు. టీ కప్పు పట్టినట్టు.

వినీత్‌కు అప్పుడు అర్థమైంది. అన్ని దుకాణాల్లోనూ కిష్టయ్య నూనెను నెత్తురనుకుని, తన చేతిని వినీత్ చేయనుకుని ఆ కత్తుల్ని పట్టి చూశాడు.

కొండ దిగగానే ఫోన్ చేశాడు.

"అంకుల్, జారలే."

"కోసిందెవరు?"

"నేనే."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"సరే గానీ, అది పొట్ట కోసేదానికే. బొక్కల మీంచి మాంసం తీయనీకె పనికిరాదు. శనివారం ఇంకోటి చూద్దాం. నూనె నేనే తెస్త."