మొదటి కోత కింద నుంచి

కుప్పంలో మా పెరటి మామిడికి ప్రతి ఏడూ కాయ దిగిపోయాక కొమ్మలు తీస్తాను. రంపం పడగానే పచ్చి సొన వాసన గుప్పుమంటుంది. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చూసినవాళ్లు కంట్లో పొట్టు పడిందనుకుంటారు. నేనూ కాదనను.

తొంభైల చివర్లో నాకు పుంగనూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. అద్దెకు దిగిన ఇంటి పక్కనే చెంగప్ప తాత ఉండేవాడు. మదనపల్లె దగ్గర ఒక పెద్ద తోటలో ముప్పై ఏళ్లు అంట్లు కట్టి, కొమ్మలు తీసి, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఇల్లు చేరిన ఒంటరి మనిషి. పెరట్లో ఒకే ఒక్క మామిడి. భార్య నాగమ్మ పోయే ముందు తన చేత్తో కట్టిన అంటు అది. గుబురు కమ్ముకుని లోపలికి ఎండ దిగక రెండేళ్లుగా కాయ నిలవడం లేదు. కూలివాళ్లను పిలవచ్చు కదా అంటే, వాళ్లు కట్టెలకు నరికినట్టు నరుకుతారని విసుక్కునేవాడు. ఏమనుకున్నాడో, సుద్దముక్క తప్ప ఏదీ పట్టని నా చేతికి ఒక ఆదివారం రంపం ఇచ్చాడు.

ఇచ్చాడే గాని ఆ రోజంతా కొయ్యనివ్వలేదు. "కోసేది తర్వాత. ముందు చెట్టు కింద కూసోని పైకి సూడు. ఆకాశం యాడ కనపడకుండా ఉండాదో, ఆడ కొమ్మ తియ్యల్ల" అన్నాడు. మెడ పట్టేసేదాకా చూశాను. తర్వాతి వారాల్లో సన్న రెమ్మలు కోశాను. ఎక్కడైనా కోసిన చోట మొండి మిగిల్చానో, ఆ పూటంతా నాతో మాట్లాడేవాడు కాదు.

చివరికి తొడంత లావు కొమ్మ ఒకటి మిగిలింది. మొదట కింద నుంచి కొంచెం కోసి, ఆ తర్వాతే పైనుంచి కోయాలనీ, లేకపోతే బరువుకు బెరడు చీలి ఊడి వస్తుందనీ పదిసార్లు చెప్పాడు. కోతకు పూయడానికి ఎర్రమన్ను, పేడ కలుపుతానని ఆయన లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేలోపు పని ముగించి మెప్పు పొందాలనుకున్నాను. కింద కోతకు నిచ్చెన మీద వంగాలి, నాకు భయం. పైనుంచే లాగాను. సగం తెగకముందే కొమ్మ ఫెళ్లున విరిగి, మాను మీది బెరడును మూరెడు పొడవున చీల్చుకుంటూ పడింది.

ఆయన తిట్టలేదు. మాను దగ్గరకు వచ్చి, ఎడమచెయ్యి చాచి ఆ తెల్లటి గాయాన్ని తడిమాడు. తర్వాత పెట్టె తెరిచి నాగమ్మ చీర ఒకటి తెచ్చాడు. ఒక అంచు పళ్లతో పట్టుకుని ఒంటిచేత్తో చించాడు. గాయానికి మన్ను మెత్తి, ఆ పీలికలు నాచేత చుట్టించాడు. నా ఏడుపు ఆగలేదు.

"యాల ఏడస్తావమ్మా? దాని చెట్టుకు దాని సీరే సుట్టినాము. సూస్తాం" అన్నాడు.

అప్పటి నుంచి నెలకోసారి గుడ్డ విప్పించి, గాయం మీద వేళ్లు అడ్డంగా పెట్టి కొలిచేవాడు. రెండు పక్కల నుంచీ కొత్త బెరడు ఒత్తుగా ముందుకొస్తోంది. నాలుగు వేళ్ల వెడల్పు మూడయింది. మానుతోంది కదా తాతా అని ఆశగా అడిగాను.

"మానదమ్మా. చెట్టు దాన్ని కప్పుకుంటాది, అంతే. నాగమ్మ పోయి ఇన్నేండ్లాయ, నేను తిరగతాండానా లేదా?"

రెండు వేళ్లు మిగిలి ఉండగా నాకు కుప్పం బదిలీ అయింది. వస్తానన్నాను, వెళ్లలేదు. ఆ వీధి నుంచి వచ్చిన ఒకావిడ తాత కబురు మోసుకొచ్చింది, గాయం ఒక్క వేలే మిగిలిందట, వచ్చి చూడమన్నాడట. పరీక్షలు కాగానే బయల్దేరదామనుకున్నాను. పరీక్షలు కాకముందే ఆయన పోయాడు.

కొన్నేళ్లకు ఆ ఇల్లు అమ్ముడుపోయిందని విని వెళ్లాను. చెట్టు కొట్టేశారు. గోడవార పేర్చిన మొద్దుల్లో ఆ చోటును వెతికి పట్టుకున్నాను. బయట మూరెడు గీత ఒక్కటి మిగిల్చి బెరడు పూర్తిగా కలిసిపోయి ఉంది. కోసిన ముఖం వైపు తిప్పి చూస్తే, లోపల నా గాయం నల్లగా అలాగే ఉంది. దాని మీద పొరలు పొరలుగా కొత్త చెక్క. ఆ చివరి వేలెడు మూసుకున్న నాడు గుడ్డ ఎవరు విప్పారో, అది చూడటానికి ఆయన ఉన్నాడో లేడో నాకు తెలియదు. అడగడానికి అక్కడెవరూ లేరు.

ఇప్పుడు ఏ కొమ్మకైనా మొదటి కోత కింద నుంచే వేస్తాను. వేలెడు రెమ్మకు అదంతా దేనికని మా ఆయన అంటాడు. నిజమే, అవసరం లేదు. అయినా కింద కోత పడేదాకా నా చెయ్యి పైకి లేవదు.