ప్రమోద కడిగిన పీపాలు

ప్రమోద ఏం ఉద్యోగం చేస్తుందో పార్సిప్పనీ ఊళ్ళోని తెలుగువాళ్ళకి చాలాకాలం సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "స్టీల్ సామాన్ల షాపులోనండీ" అనేసి, వెంటనే సాంబార్‌లో ఉప్పు సరిపోయిందా అని మాట మార్చేసేది. అబద్ధమేం కాదు. ఆమె రోజంతా తోమేవన్నీ స్టీలు సామాన్లే. కాకపోతే ఆ తర్వాత వాటిలో పోసేది బీరు.

ఇది 1984 నాటి మాట. ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకుని అప్పటికి అయిదేళ్ళే అయింది. ఆ సరదా ఉన్నవాళ్ళకి కావలసిన గింజలూ, ఈస్టూ, సీసాలూ అమ్మే కొట్టొకటి ఎర్నీ అనే ఆయన నడిపేవాడు. కూల్‌డ్రింకుల కంపెనీలు పాకం నింపి పంపే స్టీలు పీపాలు పాతబడితే, ఎర్నీ వాటిని కారుచౌకగా కొనుక్కొచ్చేవాడు. కెగ్గులంటారు వాటిని. బీరు నిలవ చేసుకోవడానికి అంతకంటే మంచివి దొరకవు. అయితే కొట్టుకొచ్చేటప్పుడు వాటి అవతారం చూడాలి! అడుగున అట్టలు కట్టిన పాకం, మూత కింద నల్లటి బూజు, చచ్చిన ఈగలు. వాటిని కడిగే మనిషి కావాలని ఎర్నీ కిటికీకి కాగితం అంటించాడు. అది చదివి లోపలికొచ్చింది ప్రమోద.

ఆవిడ సూక్ష్మజీవుల శాస్త్రంలో ఎమ్మెస్సీ. ఇండియాలో పాల డైరీ ల్యాబ్‌లో నాలుగేళ్ళు చేసింది. ఇక్కడ ఆ డిగ్రీని అడిగిన నాథుడు లేడు. భర్త మల్లికార్జున్ రోడ్ల ఇంజనీరు. పొద్దున కార్‌లో వెళ్తే సాయంత్రమే. అపార్ట్‌మెంట్‌లో ఒక్కర్తీ కూర్చుని గోడలతో మాట్లాడలేక ఈ పనికి దిగింది. మొదటిరోజు ఎర్నీ గంటసేపు నేర్పాలని చూశాడు. రెండోరోజు నుంచి ఆవిడే ఎర్నీకి నేర్పింది.

పీపా రాగానే ముందు లోపలి గాలి వదిలేది. మూత తీసి, పైన రెండు గొట్టాల బిరడాలు రెంచీతో విప్పి, రబ్బరు రింగులన్నీ పీకి చెత్తలో పడేసేది. "బాగానే ఉన్నాయిగా?" అని ఎర్నీ గోల. "వాసన చూడండి" అని ముక్కు దగ్గర పెట్టేది. ఎన్ని కడుగులు కడిగినా ఆ రబ్బరుకి కూల్‌డ్రింకు వాసన చావదు. తర్వాత చాకలి సోడా కలిపిన మరిగే నీళ్ళు, పొడుగు బ్రష్షు, మూడుసార్లు మంచినీళ్ళు. చివరికి అయొడిన్ మందు కలిపిన నీళ్ళు, పల్చటి టీ రంగులో ఉంటాయి. అవి పోసి, కుదిపి, బోర్లించెయ్యడమే. ఆ తర్వాత నీటిచుక్క తగలకూడదు, గుడ్డ తగలకూడదు. ఇంటికెళ్ళాక నింపేముందు ఆ మందే మరోసారి పోసి బోర్లించి, తడి ఉండగానే బీరు నింపాలి. "కడగడం వేరు, క్రిముల్ని చంపడం వేరు" అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేది. బీరు చుక్క నాలిక్కి తగలని మనిషి మాట బీరు కాచేవాళ్ళందరికీ వేదమైపోయింది. కడిగిన ప్రతి పీపా చెవికీ తన పేరు రాసిన చీటీ కట్టేది. ఆ చీటీ ఉంటే ఇక మూత తీసి చూసేవాళ్ళు కాదు. దానికి ఆవిడ ఎంత పొంగిపోయేదో చెప్పలేను.

ఆ ఏడు జూన్‌లో వాల్ట్ అనే ముసలాయన ఆరు పీపాలు అడిగాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, భార్య పోయింది, ఊరి బయట పాత ఇంట్లో ఒక్కడే ఉంటాడు. మనవరాలి పెళ్ళి విందుకి బీరంతా తనే కాస్తానని పట్టుబట్టాడు. నడుం నొప్పి, బరువులెత్తలేడు. "కాస్త సాయం వెళ్ళిరామ్మా" అని ఎర్నీ ప్రమోదని పంపాడు.

ఆ శనివారం ఇద్దరూ కలిసి వాల్ట్ ఇంటి కింద బేస్‌మెంట్‌లో పని చేశారు. వాల్ట్ మందు కలిపి ఆరింట్లోనూ పోశాడు, ప్రమోద కుదిపి బోర్లించింది. గాజు జాడీల్లోని బీరుని సన్న గొట్టంతో పట్టి నాలుగు పీపాలు వాల్ట్ నింపాడు. అయిదోది నింపబోతుండగా మేడమీద ఫోన్ మోగింది. "మిగిలిన రెండూ నువ్వు నింపెయ్యి" అని మెట్లెక్కాడు. అరగంట తర్వాత దిగొచ్చేసరికి ఆవిడ రెండూ నింపి మూతలు బిగించేసింది.

మూడు వారాల తర్వాత పెళ్ళయింది. వారం గడిచాక ఓ సోమవారం ఎర్నీ మొహం వేలాడేసుకుని కొట్టుకొచ్చాడు.

"వాల్ట్ బీరు రెండు కెగ్గుల్లో పులిసిపోయిందట. ఒకటే వెనిగర్ కంపు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు గ్లాసులు కింద పెట్టేశారట."

ప్రమోద చేతిలో బ్రష్షు పక్కన పెట్టింది. "నా కెగ్గులా?"

"నీ తప్పు కాదులే. ఆ రెండింట్లో మందు పొయ్యడం మర్చిపోయుంటానని వాల్టే అంటున్నాడు. ఈమధ్య మతిమరుపట. కూతురు జోన్ కార్ తాళాలు లాగేసుకుంది. డాక్టర్‌కి చూపించి, ముసలాళ్ళ హోమ్‌లో చేర్పిస్తుందట. వాల్ట్ అన్న కూడా అంతేగా, ఆఖరికి కట్టుకున్న పెళ్ళాన్నే ఎవరు నువ్వన్నాడు. బీరు కాచే సామానంతా అమ్మేయమని వాల్ట్ ఫోన్ చేశాడు."

తన పేరుకి మచ్చ రాలేదని ప్రమోద ఒక్క నిమిషం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మనిషన్నాక అంతే మరి. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రోజంతా ఒకటే గుంజాటన. బోర్లించినప్పుడు ఆరు పీపాల్లోంచీ టీ రంగు నీళ్ళే కారాయి. తను కళ్ళారా చూసింది. ముసలాయన ఏదీ మర్చిపోలేదు. మరి ఆ రెండూ ఎందుకు పులిసినట్టు?

సాయంత్రం మల్లికార్జున్ ఇంటికొచ్చి మజ్జిగ అడిగాడు. ప్రమోద అలమరలోంచి గ్లాసు తీసింది. కుళాయి కింద పెట్టి, కాసిని నీళ్ళు పట్టి, గిరగిరా తిప్పి పారబోసి, అందులో మజ్జిగ పోసింది.

"కడిగిన గ్లాసేగా, మళ్ళీ ఎందుకు తొలుస్తావు?" అన్నాడతను పేపర్‌లోంచి తల ఎత్తకుండా.

ప్రమోద చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎందుకేమిటి? వాళ్ళమ్మ తొలిచేది, అమ్మమ్మ తొలిచేది. కడిగి బోర్లించిన గిన్నెనైనా సరే, ఏదైనా పోసేముందు ఒకసారి నీళ్ళతో తొలవకుండా మన ఇళ్ళలో ఏ ఆడమనిషీ వాడదు. కొట్టులో ఆ బెడద రాలేదు, ఎందుకంటే అక్కడ ఆవిడ పని బోర్లించడంతో సరి. నింపేది కొనుక్కున్నవాళ్ళే. ఆరోజు మొట్టమొదటిసారి ఒక పీపాలో తన చేత్తో పోయాల్సొచ్చింది. పక్కనే సింకు ఉంది, సింకుకి కుళాయి ఉంది. మందు వాసన కూడా వేస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ ఇంటి నీళ్ళు ఊరి కుళాయివి కూడా కావు, బావి నీళ్ళు. వాటిలో ఎన్ని క్రిములుంటాయో ఎమ్మెస్సీ చదివిన ఆవిడకి వేరే చెప్పాలా?

"ఏవండీ, ఆ రెండూ పాడుచేసింది నేనే" అంది కుర్చీలో కూలబడి.

సంగతంతా విని మల్లికార్జున్ పేపర్ మడిచాడు. "నిన్నెవరైనా అడిగారా? లేదుగా. ఊరుకో. ఇప్పుడు చెప్తే నీ జాబ్ పోతుంది. లేనిపోని గొడవ నెత్తికెత్తుకోవడం ఎందుకు చెప్పు?"

"ఆయన్ని తీసుకెళ్ళి హోమ్‌లో పడేస్తారండీ!"

"డాక్టర్ చూసి చెప్తాడుగా?"

"ఆ డాక్టర్‌కి కూడా ముందు ఈ కథే చెప్తారు. కార్ కీస్ ఇలా ఇవ్వండి." అతను ఇచ్చేలోపలే బల్లమీదనుంచి తీసుకుని వెళ్ళిపోయింది.

వాల్ట్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ప్రమోద నిలబడే అంతా చెప్పేసింది. ఆయన ముందు నమ్మలేదు. ఆవిడ సింకు పక్కనున్న గ్లాసు తీసి, ఎలా తొలిచిందో చేసి చూపించింది. ఆయన ఆ గ్లాసు వంక చూశాడు. ఆ తర్వాత లేచి, గోడకున్న ఫోన్‌లో నంబరు తిప్పి, ఆవిడ చేతికిచ్చాడు. "నా కూతురు. నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్పు."

ప్రమోద చెప్పింది. అవతల జోన్ ఓపిగ్గా వింది.

"మీరు చాలా మంచివారు. నాన్న మీద జాలితో తప్పు మీమీద వేసుకుంటున్నారు. నాకు అర్థమైంది, థాంక్స్."

ప్రమోదకి అరికాలి మంట నెత్తికెక్కింది. "జాలా? నాకీ దేశంలో ఉన్న పేరల్లా ఒక్కటే, ప్రమోద కడిగితే మళ్ళీ చూడక్కర్లేదని. దాన్ని జాలి కోసం నా చేత్తో నేనే పారబోసుకుంటానా? ఈ మాట రేపు ఎర్నీకి చెప్తాను. బీరు కాచేవాళ్ళ క్లబ్ మీటింగ్‌లో అందరికీ చెప్తాను." అన్నట్టే తర్వాత చెప్పింది కూడా. ఎర్నీ పనిలోంచి తియ్యలేదు గానీ, ముగ్గురు నలుగురు ఆవిడ చీటీ ఉన్న పీపాని మళ్ళీ ముట్టుకోలేదు. ఫోన్‌లో అంతటితో ఊరుకోలేదు. "మీ నాన్న తన చేత్తో నింపినవి నాలుగు. ఆ నాలుగింట్లో ఒక్కటైనా పులిసిందా? నేను నింపినవే రెండు. ఆ రెండే పులిశాయి. ఇక మీరే చెప్పండి, మర్చిపోయిందెవరు?"

"ఆ నాలుగూ బాగానే ఉన్నాయి. నాన్నకివ్వండి" అంది జోన్.

వాల్ట్ ఫోన్ చెవికి పెట్టుకుని వింటూ నిలబడ్డాడు. "సరే" అన్నాడు. మళ్ళీ "సరేనమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"బుధవారం తాళాలు తెచ్చిస్తుందట" అన్నాడు. "నన్ను క్షమించండి" అంది ప్రమోద. ఆయనకది వినిపించిందో లేదో తెలియదు. మనవరాలి పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున లేవగానే, మంచం దిగకముందే, చచ్చిపోయిన భార్య పేరూ, కూతురి పేరూ, మనవల పేర్లూ వరసగా పైకి చెప్పుకుని చూసుకుంటున్నానని చెప్పి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.