అవును అన్న గడిలో గీత

ఇవాళ పొద్దున డ్రైక్లీనింగ్ నుంచి తెచ్చిన అమ్మ పట్టుచీర ప్లాస్టిక్ కవరు విప్పగానే, మరకలు తీసే సాల్వెంట్ తాలూకు తీపీ ఘాటూ కలిసిన వాసన గొంతులో తగిలి, నన్ను మళ్ళీ పదేళ్ళ పిల్లను చేసి, అమెరికాలోని ఐసెలిన్‌లో మా నాన్న నడిపిన చిన్న డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలోకి తీసుకుపోయింది.

నేను బడికి వెళ్ళలేదు. ఆ గదిలోనే అమ్మ చాప పరిచి చదువు చెప్పేది. ఒక గోడకు అగ్గి తగిలితే అంటుకునే సాల్వెంట్ డ్రమ్ములు, ఎదుటి గోడకు దేవుడి అర, అందులో షాపు తెరిచిన రోజు అమ్మ మొక్కుకుని వెలిగించిన అఖండ దీపం. దీపావళి ముందు నూనె మరకల చీరలు గుట్టలుగా వచ్చేవి, వాటితోపాటు ఆంటీలు డబ్బాల్లో సున్నుండలు తెచ్చేవారు, నేనేమో తీగ హ్యాంగర్లను విల్లులుగా వంచుకుంటూ, నంబరు చీటీలను టికెట్లు చేసుకుని, ఆవిరి ఇస్త్రీ బుసబుసల మధ్య ఒక్కదాన్నే రైలాట ఆడుకునేదాన్ని.

ప్రమాదకరమైన సరుకు ఉంచుకునే షాపులు ఏటా టౌన్ ఆఫీసుకి ఫారం నింపి, ఫీజు కట్టి, పర్మిట్ తెచ్చుకోవాలి. అది లేకపోతే తలుపు తియ్యకూడదు. ఆ ఏడు చలికాలం చివర నాన్న వేళ్ళు సాల్వెంట్‌కి పగిలి నెత్తురు కారుతుంటే పెన్ను పట్టలేకపోయాడు.

“ఇయ్యాల్టి రైటింగు ఇదేనమ్మా. నీటుగా రాయి. అబద్ధం రాయమాక,” అంటూ అమ్మ ఫారం నా ముందు పెట్టింది.

సాల్వెంట్ ఉన్నచోట మంట ఏదైనా ఉందా అని ఒక ప్రశ్న. తలెత్తి దీపాన్ని చూశాను. అవును అన్న గడిలో గీత పెట్టి, పక్కన ఇంగ్లీషులో ‘దేవుడి దీపం, ఎప్పుడూ’ అని గుండ్రంగా రాశాను. “ముత్యాల్లా ఉన్నయ్ గదే!” అని మురిసిపోయి, నాన్న చదవకుండానే వంకర సంతకం గీకాడు.

వారం తిరక్కుండా ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. దీపం ముందు టోపీ తీసి, “సారీ మేడమ్, దీన్ని ఇప్పుడే ఆపెయ్యాలి,” అన్నాడు. అమ్మ కదల్లేదు.

“కొండెక్కించవే,” అన్నాడు నాన్న.

“నా చేత్తోనా? నా వల్ల కాదండీ.”

చివరికి నాన్నే, కట్టు కట్టిన వేళ్ళతో ఒక పువ్వు తీసి వత్తిని అదిమాడు. తరువాత ఇన్‌స్పెక్టర్ డ్రమ్ములు జరిపించి చూస్తే, ఒకదాని అడుగు తుప్పు పట్టి, సాల్వెంట్ కారి నా చాప అంచుదాకా పాకి ఉంది.

పర్మిట్ ఆగిపోయింది. సాల్వెంట్ ఇంకిన ఆ నేల తవ్వించి శుభ్రం చేయించే స్తోమత మాకు లేదు. షాపు మళ్ళీ తెరుచుకోలేదు. నాన్న చివరిదాకా పరాయి గోదాముల్లో పెట్టెలు మోశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. “నిజవే రాసింది గదా పిల్ల,” అని అమ్మతో అనడం మాత్రం తలుపు ఇవతలి నుంచి విన్నాను. ఆ తరువాత ఆవిడ దేవుడి ముందు దీపం వెలిగించనేలేదు. స్విచ్చి నొక్కితే వెలిగే చిన్న బల్బొకటి పెట్టుకుంది.

ఆ డ్రమ్మూ ఆ వత్తీ ఒకదాన్నొకటి అందుకోకముందే నాచేత గీత పెట్టించిన స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను. పెట్టిన చెయ్యి నాదే అయినందుకు ఇంకా ఏడుపొస్తుంది.

షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, అమ్మ పోయి నెలయింది. ఆవిడ బల్బు నా దేవుడి గదిలో ఉంది. ఇవాళ చీర కవరును బయట పడేసి, కిటికీలన్నీ తీసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, బల్బు తీసి పక్కన పెట్టి, ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించాను. అది తనంతట తాను కొండెక్కేదాకా పక్కనే కూర్చున్నాను.