బసీలియా కాళ్ళు

కొండదారి మూడో మలుపులో బసీలియా కల్యాపా ఆగింది. వెనకాల ట్రక్కూ ఆగింది. తిరిగి చూడకుండానే, హారన్‌ని బట్టి ఎవరో తెలిసింది ఆమెకు. ఇలారియోన్ యుక్రా. ఒకప్పుడు ఆమె మొగుడితో సొరంగంలో పనిచేసినవాడు, ఇప్పుడు ఖనిజం తోలుతున్నాడు.

"ఎక్కు వదినా, ముందు సీటు ఖాళీ," అన్నాడు కిటికీలోంచి పళ్ళికిలిస్తూ.

"నీ మరదల్ని ఎక్కించుకో. దానికేగా తొందర."

ఇకిలింపు ఆగింది.

బొలీవియా కొండల్లోని ఆ గనిలో ఆడవాళ్ళకో కట్టడి ఉంది. గని పారేసిన రాళ్ళు కొట్టి తగరం ఏరుకునే పని మొగుడు పోయినవాళ్ళది. ఒక్కొక్కరికీ ఒక్కో గుట్ట. ఏటా ఈస్టర్ తర్వాతి సోమవారం, పొద్దున ఎనిమిది గంటల గని సైరన్ కూతలోపు, తన కాళ్ళతో కొండెక్కి గుట్ట మీద చెయ్యి వెయ్యాలి. బండెక్కి వచ్చినా, ఒకరి చెయ్యి పట్టుకున్నా గుట్ట పోయినట్టే. బసీలియా తర్వాత వరసలో ఉన్నది ఫిదేలియా, ఇలారియోన్ చచ్చిపోయిన తమ్ముడి పెళ్ళాం.

ఇరవై రెండేళ్ళు ఆ గుట్ట మీద సుత్తి ఆడించింది బసీలియా. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. దుమ్ము పట్టినవాళ్ళు కదలకూడదు, ఊపిరిని డబ్బాలో పిండిలా పొదుపుగా వాడుకోవాలి, అని అక్కడ అందరి మాట. ఆ మాట నమ్మి పోయిన జూన్‌లో, అక్కడి చలికాలం మొదలైనప్పటి నుంచి ఆరు నెలలు బల్ల దిగలేదు. నీళ్ళు ఇరుగుపొరుగు మోసిపెట్టారు. చివరికి వాకిటి గడప దాటడానికే ఊగిపోయింది.

క్లినిక్‌లో నర్సు ఆమె తొడకి టేపు చుట్టి చూసి, మొహమాటం లేకుండా దులిపింది. "ఛాతీ పోయింది, దాన్ని నేను తేలేను. ఈ కండ ఎవరు తిన్నారు? జబ్బు కొంత తింది, మిగతాదంతా నువ్వే, బల్ల మీద కూర్చుని!"

ఉప్పు మూటలు మోసే లామా జంతువుల వెంట నాలుగు రోజులు నడిచినవాడెవడైనా ఈ సంగతి చెప్పేవాడు. ఒక చలికాలమంతా కట్టేసిన లామా మొదటి ఎత్తులోనే కూలబడుతుంది, ఊపిరి నిక్షేపంగా ఉన్నా సరే. కానీ ఎవరు వింటారు? ఊపిరి మీద మనుషులు ప్రార్థనలు కట్టుకున్నారు. పిక్కల మీద ఒక్కటీ లేదు. చదువుకున్న వైద్యులు సైతం చాలాకాలం ఛాతీకే చెవి ఆనించి కూర్చున్నారు.

నర్సు మాటకి ఒళ్ళు మండి, బసీలియా ఆనాటి నుంచి నాలుగు నెలలు నడిచింది. ఇప్పుడూ నడుస్తోంది. ట్రక్కు పక్కనే పాకుతూ పొగ కక్కుతోంది.

"దగ్గు వదినా, సిగ్గుపడకు. నీ మొగుడు కూడా పోయే ముందు ఇలాగే కూసేవాడు."

"నీ బండికంటే నయం."

ఛాతీలో ఈల సాగుతూనే ఉంది, దాన్ని ఆమె ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది. మంటంతా తొడల్లో. కారం పూసి రుద్దినట్టు.

చివరి ఎత్తులో ఎడమ మోకాలు లొంగింది. ఒరిగి, గట్టు రాయిని పట్టుకుని నిలబడింది. ఇలారియోన్ ఒక్క గెంతున దిగి చెయ్యి చాపాడు.

"పట్టుకో. ఎవరూ చూడ్డం లేదులే."

బసీలియా తలెత్తింది. పైన గుట్టల అంచున టోపీల వరస. ఆడవాళ్ళంతా చూస్తున్నారు. అందుకే దిగాడు వీడు.

బుగ్గన నములుతున్న కోకా ఆకు పిప్పి వాడి బూటు మీద ఉమ్మింది.

"ఆ చెయ్యి నీ మరదలికివ్వు. రేపు సుత్తి ఎత్తలేక ఏడుస్తుంది."

వాడు బూతులు అందుకున్నాడు. అవి ఎంతసేపు సాగితే అంత మంచిదనుకుని ఆమె మోకాళ్ళ మీద చేతులానించి, వేడి చారు ఊదినట్టు ఊదుతూ నిలబడింది. వణుకు తగ్గింది. మళ్ళీ అడుగేసింది. మళ్ళీ ఆగింది. పైనున్నవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. మెదిపితే సాయం కింద లెక్క.

కూత మొదలయ్యేసరికి ఆమె అరచెయ్యి గుట్ట మీద ఉంది.

"వేసింది," అంది గుట్టల లెక్క చూసే పెద్దావిడ కసిమీరా, అందరికీ వినపడేలా.

ఫిదేలియా నేల మీద ఉమ్మింది. ఇలారియోన్ రొప్పుతూ పైకొచ్చాడు.

"ఈ ఏడు నీదే. వచ్చే ఏడు? అప్పటికి బతికుంటావా?" అని అరిచాడు. "నిన్నే అడిగేది!"

బసీలియా లంగాల దుమ్ము దులుపుకుంది. కసిమీరా వైపైనా చూడలేదు. వాడింకా అరుస్తుండగానే గుట్ట అవతలికి తిరిగి, సుత్తి తెచ్చుకోవడానికి దిగుడుబాట పట్టింది.